పర్సెంటు సారు

కరెంటు పోగానే మా నక్కలగుట్ట గల్లీ అంతా ఉసూరుమంటుంది. పర్సెంటు సారు ఒక్కరే హుషారుగా లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. కరెంటోళ్ల హెడ్డాఫీసు కూతవేటు దూరంలో ఉన్న పేట కాబట్టి ఆ భాగ్యం ఆయనకు తరచుగా దక్కదు. ఓసారి ఉండబట్టలేక 1912కు ఫోన్ చేసి, "ఇయ్యాల కరెంటు ఎప్పుడు పోతది?" అని అడిగారు. అవతలి అమ్మాయి పాపం, "ఎప్పుడు పోయింది సార్?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

రిటైరైన ఫిజిక్సు లెక్చరర్. ఇలాంటి సారు ప్రతి కాలనీలో ఒకరుంటారు. బీపీ, షుగరు, బోరునీళ్ల టీడీఎస్, కొలవడానికి వీలున్నది ఏదీ వదలరు. మనకు యూపీఎస్ పనిచేస్తే చాలు, ఆయనకు అది ఏమంటోందో వినాలి. అందుకని లినక్సులో నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. ముద్దుగా నట్ అంటారు. అది బ్యాటరీ 100 శాతం ఉందని చూపించింది. కరెంటు పోయిన నిమిషంలో 40 అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు, సిస్టమే ఆరిపోయింది.

తప్పు దానిదీ కాదు. చవకరకం యూపీఎస్‌లు చాలావరకు పర్సెంటు చెప్పనే చెప్పవు. లోడు, ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ వోల్టేజీ ఒక వరసలో పడేసి ఊరుకుంటాయి. వోల్టేజీని చూసి పర్సెంటు ఊహించేది సాఫ్ట్‌వేరు. చార్జింగులో ఉన్నంతసేపూ 12 వోల్టుల బ్యాటరీ 13.6 దాకా చూపిస్తుంది. లోడు పడగానే, నెత్తిన మూట పెట్టిన మెడలా, 12 చిల్లరకు కుంగుతుంది. అది చూసి నట్‌కు గుండె జారుతుంది. అందుకే నిండితే ఎన్ని వోల్టులు, ఖాళీ అయితే ఎన్ని, ఫుల్ లోడు మీద ఎన్ని సెకన్లు, సగం లోడు మీద ఎన్ని సెకన్లు ఆగుతుందో సెట్టింగుల ఫైల్లో మనమే రాసివ్వాలి.

సెకన్లు తెలియాలంటే కరెంటు పోవాలి. పోదు. కాబట్టి సారే మెయిన్ కట్టేస్తారు, అదీ సీరియల్ టైముకు. యూపీఎస్ ప్లగ్గు పీకితే సరిపోదా అంటే, "నేచురల్ కండిషన్లు కావాలె" అంటారు.

ఎన్ని అంకెలు మార్చినా లెక్క కుదరలేదు. చివరికి మేడమే బ్యాటరీని ఆటోలో చౌరస్తాకు పంపించారు. షాపు పిల్లగాడు బల్బు తగిలించి చూశాడు, అది గుడ్డిగా వెలిగి ఆరిపోయింది.

"ఖతం సార్."

"98 పర్సెంటు చూపిస్తాంది కదనయ్యా!"

"పాతదానికి వోల్టేజి ఉంటది సార్, దమ్ముండది."

కొత్త బ్యాటరీ వచ్చింది. రీడింగు కుదిరింది. రెండ్రోజులు సారుకు అన్నం సహించలేదు. మూడోనాడు అదే వరసలో ఇంకో అంకె కంటబడింది. మే నెల, బయట డాంబరు చెప్పులకు అంటుకుంటోంది. చవక యూపీఎస్‌ల్లో కొన్నింటికి ఉష్ణోగ్రత సెన్సరే ఉండదు, కంపెనీవాళ్లు ఒక అంకె పెట్టి వదిలేస్తారు. సారుకు ఆ సంగతి ఇంకా తట్టలేదు.

"చూసినవా, బ్యాటరీ కాడ 25 డిగ్రీలే!"

"గట్లనా? అయితే ఇయ్యాల్టి సంది గా డబ్బా పక్కనే పండుకుంట" అన్నారు మేడం, చాప తీస్తూ.