రీలుకు పొంగిన కేకు

ఒకప్పుడు ‘విద్వద్గద్వాల’యని వాసికెక్కిన సంస్థానమునకు కవిపండితులు వార్షికములకై తరలివచ్చి ప్రభుకీర్తిని పద్యములలో నిలిపిపోయిరి; 2020లో ఇన్‌స్టాగ్రామ్ రీల్సు మన దేశమున అడుగిడిన పిదప ఆ స్తోత్రవిద్య గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బేకరీల గడప తొక్కినది. నిన్నటి ఎగ్‌పఫ్‌ను ఓవెన్‌లో వెచ్చజేసి, పొరలు జలజల రాలునట్లు కెమెరా యెదుట విరిచి, కన్నులరమోడ్చి, “అన్నా, వేరే లెవల్!” అని 90 సెకండ్లలో వర్ణించుటయే నేటి ప్రబంధము. పఫ్‌పై, కేకు క్రీముపై అంతసేపు విహరించు ఆ కెమెరా, అంగడిలో అందరికిని కానవచ్చునట్లుండవలసిన 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహారభద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్యపై వ్రాలుట మాత్రము బహు అరుదు. నాటి కవికి సభలో పరీక్ష యుండెడిది; నేటి పఫ్‌కు ప్రేక్షకుని కడుపే పరీక్షాకేంద్రము!