చెయ్యని పాపానికి రేటెంత?

చేసిన పనికి కూలి రాబట్టుకోవడమే గగనమైన లోకం ఇది. నమ్మకపోతే ఉపాధి హామీ కూలీని అడగండి. అలాంటిది, చెయ్యని పనికి డాలర్లు ముట్టజెప్పే బజారు ఒకటి ఇరవై ఏళ్లకు పైగా దర్జాగా నడుస్తోంది. అక్కడ దొరికే సరుకు పేరు కార్బన్ క్రెడిట్. గాల్లోకి వదలాల్సిన ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును వదలకుండా ఆపితే ఒక క్రెడిట్. ఈ సరుకు కంటికి కనపడదు, కాటాకు ఎక్కదు, కొన్నవాడు ఇంటికి మోసుకెళ్లడు. అయినా పేచీలు రావు. సరుకు ఉందని నమ్మడంలోనే అమ్మినవాడికీ లాభం, కొన్నవాడికీ లాభం.

ఈ వ్యాపారానికి కావాల్సిన మదుపు ఒక్కటే, పాత పాపం. ఇదివరకు ఎంత పొగ వదిలేవాడివో చూపిస్తే, అందులో ఎంత తగ్గించావో లెక్కగట్టి పట్టా ఇస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ పొగే ఎరగనివాడు తగ్గించేదేముంది, అమ్ముకునేదేముంది?

1997 డిసెంబరులో జపాన్‌లోని క్యోటోలో పెద్దలు కూర్చుని ఓ ఒప్పందం రాసుకుని, 1990వ సంవత్సరాన్ని కొలబద్దగా పెట్టారు. సంపన్న దేశాలు అప్పటికంటే సగటున 5 శాతం పొగ తగ్గించాలి, తగ్గించలేనివాళ్లు తగ్గించినవాళ్ల దగ్గర కొనుక్కోవచ్చు. ఈ ముహూర్తం బ్రహ్మాండంగా కలిసొచ్చింది రష్యాకి. 1990 తర్వాతే కదా సోవియట్ యూనియన్ కుప్పకూలింది! ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జనం రోడ్డున పడ్డారు, పొగ మూడో వంతుకు పైగా తగ్గింది. భూమాత మీద భక్తితో కాదు, కొలిమి వెలిగించే దిక్కులేక. ఆ దివాలా మొత్తం క్యోటో పద్దులో మిగులు కింద జమపడింది. తర్వాత అమెరికా తప్పుకోవడంతో ఒప్పందం బతకాలంటే రష్యా సంతకం తప్పనిసరైంది. యూరప్ మాస్కో చుట్టూ ప్రదక్షిణలు చేసి, 2004 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థలో రష్యా ప్రవేశానికి సరేనంది. నవంబరు నాటికి పుతిన్ గారికి వాతావరణం మీద బెంగ పుట్టి సంతకం పెట్టేశారు.

ఆస్ట్రేలియా తెలివి ఇంకో రకం. తగ్గించమని పిలిచిన సభలోనే పొగను 108 శాతానికి పెంచుకునే అనుమతి సంపాదించింది. పైగా 1990లో అడవులు కొట్టేసినప్పటి పొగ కూడా తన పాత ఖాతాలో కలపాలని చివరి రాత్రి పట్టుబట్టి సాధించుకుంది. ఆ నరుకుడు అప్పటికే తగ్గిపోయింది. అంటే వేలు కదపకుండానే సగం పుణ్యం. ఇంత వెసులుబాటు రాబట్టుకుని కూడా 2007 దాకా ఒప్పందాన్ని ఆమోదించలేదు. ఆ దేశంలోనే 2017 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి స్కాట్ మోరిసన్ పార్లమెంటులోకి ఓ బొగ్గు గడ్డ పట్టుకొచ్చి, ఇది బొగ్గేనయ్యా, భయపడకండని ప్రతిపక్షానికి చూపించారు. చేతికి మసి అంటకుండా దానికి ముందే పూత వేయించారు. మరుసటి ఏడాది ఆయన ప్రధాని అయ్యారు.

అమెరికా సంగతి వేరే చెప్పాలా? సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న తీర్మానం పెట్టినా సెనేట్‌లో రెండు పార్టీలూ ఒక్కమాట మీదికి రావు. కానీ క్యోటోకు ఐదు నెలల ముందు, పేద దేశాలు కూడా తగ్గిస్తే తప్ప మేం తగ్గించేది లేదన్న తీర్మానానికి 95 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా సున్నా. ప్యారిస్ వాతావరణ ఒప్పందం వచ్చాక ఆ దేశం అలకపాన్పు ఎక్కిన అల్లుడైంది. ఒబామా ఒప్పుకుంటే ట్రంప్ తప్పుకున్నారు, బైడెన్ మళ్లీ చేరితే ట్రంప్ మళ్లీ తప్పుకున్నారు. లోకమంతా ఎదురుగా నిలబడి, ఏం పెడితే దిగొస్తారు బాబూ అని బతిమాలడమే పని.

ఇక ఈ బజారులో బంగారు బాతు కథ వినండి. పాత ఏసీల్లో మెకానిక్కులు పట్టే ఆర్-22 గ్యాసు తెలుసుగా. దాన్ని తయారుచేసే చోట హెచ్‌ఎఫ్‌సీ-23 అనే చెత్త వాయువు కూడా పుడుతుంది. ఇది ఒక టన్ను గాల్లో కలిస్తే 11,700 టన్నుల బొగ్గుపులుసు వాయువు కలిసినట్టేనని క్యోటో లెక్క. కాబట్టి ఒక టన్ను కాల్చేస్తే 11,700 క్రెడిట్లు. కాల్చే ఖర్చు క్రెడిట్‌కి సెంట్లలో, రాబడి యూరోల్లో. చైనాలో, మన దేశంలో ఆ ఫ్యాక్టరీల పంట పండింది. ఈ చెత్తను కాల్చడానికి 10 కోట్ల యూరోలు కూడా కాదు, దానికి క్రెడిట్ల రూపంలో ఇస్తున్నది మాత్రం 470 కోట్ల యూరోలని 2007లో మైకేల్ వారా అనే అమెరికన్ పరిశోధకుడు నేచర్ పత్రికలో లెక్కతేల్చారు. అసలు సరుకు కంటే చెత్తే గిట్టుబాటైతే ఏ వ్యాపారి మాత్రం ఏం చేస్తాడు? కొందరు చెత్త కోసమే సరుకు తయారుచేస్తున్నారని 2010లో పర్యావరణ సంస్థలు గగ్గోలు పెట్టాయి. 2013 మే నుంచి యూరప్ ఆ క్రెడిట్లు కొనడం మానేసింది. చివరికి 2016 అక్టోబరులో మన ప్రభుత్వం, మీ చెత్త మీ ఖర్చుతోనే కాల్చుకోండని ఆ కంపెనీలకు హుకుం జారీచేసింది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పదేళ్లకు పైగా పట్టింది.

ఈ కథంతా మా మావయ్యకు చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

“ఒరే అబ్బాయ్, నేనింతవరకూ ఏసీ కొనలేదు కదా. దాని తాలూకు క్రెడిట్లు ఎక్కడ తీసుకోవాలి?”

“మీకు రావు మావయ్యా. అసలు కొందామని గట్టిగా అనుకుని ఉండాలి.”

“రోహిణీ కార్తె వచ్చిందంటే రోజూ అనుకుంటాను.”

“అనుకుంటే చాలదండీ. కొనే తాహతు ఉండాలి. షోరూము దాకా వెళ్లాలి. కేవలం ఈ క్రెడిట్ల డబ్బు వస్తుందనే వెనక్కి తిరిగానని కన్సల్టెంటు చేత రిపోర్టు రాయించాలి.”

“వాడెంత తీసుకుంటాడేం?”

“ఏసీ ఖరీదు కంటే కాస్త ఎక్కువ.”

మావయ్య ఓ నిమిషం ఆలోచించాడు. “పోనీ, ముందు గదికొకటి చొప్పున నాలుగు బిగించి, రాత్రీ పగలూ తిప్పి, తర్వాత మూడు ఆపేస్తే?”

“మీకు బజారు అర్థమైపోయింది మావయ్యా.”

రెవెన్యూ అనుభవం ఊరికే పోదు.

యూరప్ తన ఫ్యాక్టరీల కోసం 2005లో సొంత సంత తెరిచింది. పొగ వదిలే పర్మిట్లను అవసరానికి మించి ఉచితంగా పంచేసింది. 2006 ఏప్రిల్‌లో 30 యూరోలు పలికిన పర్మిట్ 2007 ఆఖరుకి పైసాకు కొరగాకుండా పోయింది. ఇంతలో దొంగలు దిగారు. పన్ను లేకుండా పొరుగు దేశంలో పర్మిట్లు కొనడం, సొంత దేశంలో వ్యాట్ వేసి అమ్మడం, వసూలైన వ్యాట్‌తో ఉడాయించడం. బోగస్ ఇన్వాయిసులతో జీఎస్టీ మింగే మన సోదరులు వింటే ముక్కున వేలేసుకుంటారు, ఎందుకంటే ఈ దందాలో లారీ నంబరు కూడా అబద్ధం ఆడక్కర్లేదు. సరుకే లేనప్పుడు లారీ ఎందుకు? ఖజానాలకు పడిన కన్నం దాదాపు 500 కోట్ల యూరోలని, కొన్ని దేశాల్లో జరిగిన వ్యాపారంలో 90 శాతం దాకా ఈ బాపతేనని 2009లో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ ప్రకటించింది. భూగోళాన్ని రక్షించడానికి అంతమంది పరుగెత్తుకొస్తున్నారేమిటా అని అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

2024లో అజర్‌బైజాన్ రాజధాని బాకులో వాతావరణ సదస్సు పెడితే, ఆ దేశాధ్యక్షుడు చమురు దేవుడిచ్చిన వరమని ప్రారంభోపన్యాసం దంచారు. కార్బన్ సంతకు కావాల్సిన ప్రమాణాలు మొదటి రోజే ఖాయమైపోయాయి. పేద దేశాలకు నగదు ఇచ్చే విషయం మాత్రం గడువు దాటినా తెగలేదు. ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి 30 వేల కోట్లకు చేరతామని చెప్పి సుత్తి కొట్టేశారు. అభ్యంతరం చెప్పడానికి భారత ప్రతినిధి చాందినీ రైనాకు మైకు దొరికేసరికి తీర్మానం ఆమోదమై, చప్పట్లు కూడా అయిపోయాయి.

మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? 2023 జూన్‌లో కేంద్రం మనకూ ఓ కార్బన్ క్రెడిట్ల పథకం ప్రకటించింది. ఇందులో లెక్క మొత్తం పొగ మీద కాదు, టన్ను సరుకుకు ఎంత పొగ అని. టన్ను సిమెంటుకు పొగ కాస్త తగ్గించి, సిమెంటు రెట్టింపు తీశారనుకోండి, గాల్లో పొగ పెరుగుతుంది, యజమాని చేతికి క్రెడిట్లూ వస్తాయి. ఆకాశానికి టన్నుకింత అనే పద్దు రాసుకోవడం చేతకాదు, పాపం. ఎదిగే దేశం కదా, ఒక్కసారిగా కొలిమి ఆర్పలేం అంటుంది ఢిల్లీ. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. తలసరిన మనం ఏటా వదిలేది సుమారు 2 టన్నులు, అమెరికా వాడు 14 టన్నుల దాకా. కాకపోతే ఆ రెండు టన్నుల సగటు ఎవరి వల్ల నిలబడుతోందో ఢిల్లీ చెప్పదు. ఇంటికి నాలుగు కార్లున్నవాడి పొగను అడవిలో కట్టెల పొయ్యి మీద గంజి కాచుకునే మనిషితో కలిపి భాగిస్తేనే కదా రెండు వచ్చేది.

అలాంటి మనుషులుండే ఊరొకటి ఈ బజారులో నిజంగానే సరుకు అమ్మింది. నాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజల నూనె పట్టేవి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల పొగ తగ్గుతుందని నిపుణులు లెక్కేశారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు జరిగింది. ప్రతినిధులు విమానాల్లో వచ్చి కార్లలో తిరిగారు. ఆ పొగ పాపం అంటకుండా ప్రపంచ బ్యాంకు పవర్‌గూడ ఆడవాళ్ల దగ్గర ఆ 147 టన్నులూ కొనేసింది. వెల 645 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 29 వేల రూపాయలు. వాళ్ల మూడు రోజుల ముచ్చట్లకు వీళ్ల పదేళ్ల నూనె చెల్లు. తమ సరుకు ఏ మేరకు పనికొచ్చిందో చూసొద్దామని ఆ సంఘంలో ఒక్కరు వాషింగ్టన్ బయల్దేరినా, ఆ డబ్బు రానుపోను టికెట్టుకు చాలదు.

మావయ్య ఈ కథ కూడా విన్నాడు. “మరి ఆ డబ్బేం చేసుకున్నార్రా?”

“కానుగ నర్సరీ వేశారు మావయ్యా.”

“అయ్యో! ముందు పక్క కొండ నరికేస్తామని ఓ అర్జీ పెట్టి, తర్వాత నరకడం మానేసి ఉంటే?”

“లక్షల్లో వచ్చేదండీ.”

“అదీ సంగతి. కన్సల్టెంటు లేక చెడ్డారు,” అన్నాడు మావయ్య.