అదే ఏడాది

1951లో ఎంజీఎం వాళ్ళు విడుదల చేసిన ‘కో వాడిస్’లో అసలు పట్టంతా చివరి అంకంలోనే. రోము తగలబడ్డ నేరాన్ని నీరో క్రైస్తవుల నెత్తిన రుద్దేశాడు. దాక్కున్నవాళ్ళని వెతికి పట్టుకొచ్చి సింహాల ముందుకు తోలుతున్నారు. సేనాని మార్కస్ ప్రేమించిన లిజియా కూడా ఆ మతస్థురాలే. ఆమెని గుంజకి కట్టి ఎద్దుని వదిలారు. మార్కస్‌ని కూడా బంధించి, కూర్చోబెట్టి చూడమన్నారు. ఆ ఎద్దు మెడ విరిచింది లిజియాకి కాపలా ఉండే ఉర్సస్. పాపం, చప్పట్లు మాత్రం హీరోకే! మార్కస్ కట్లు తెంచుకుని బరిలోకి దూకి, రోముకి నిప్పు పెట్టింది నీరోయేనని అంతమంది జనం ముందు ఎలుగెత్తి చాటుతాడు.

ఆ మార్కస్ వేషం రాబర్ట్ టేలర్‌ది. నీరోగా పీటర్ ఉస్తినోవ్ సినిమానంతా మింగేశాడు, అది వేరే సంగతి.

షూటింగుకి దాదాపు మూడేళ్ళ ముందు, 1947 అక్టోబరులో, టేలర్ వాషింగ్టన్‌లో మరో నిండు సభలో నోరు విప్పాడు. హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరో కూపీ లాగుతున్న కాంగ్రెస్ కమిటీ అది. అందగాణ్ణి చూడాలని ఆడవాళ్ళు ఎగబడ్డారు. ఛైర్మన్ జె. పార్నెల్ థామస్ సుత్తి బాదుతూ సభ నడిపిస్తున్నాడు. పేర్లు అడిగితే టేలర్ చెప్పాడు. అందులో ఒకటి లెస్టర్ కోల్, తన ఎంజీఎంలోనే పనిచేసే రచయిత. కమ్యూనిస్టని నలుగురూ అనుకుంటున్నారట. తనకి మాత్రం స్వయంగా తెలియదట!

తర్వాత కోల్‌నీ బోనెక్కించారు. పార్టీలో ఉన్నావా లేదా అన్న ప్రశ్నకి అతను సూటిగా జవాబివ్వలేదు. ఉద్యోగం ఊడింది. కాంగ్రెస్‌ని ధిక్కరించాడని ఏడాది జైలు పడింది. అప్పీళ్ళన్నీ అయ్యేసరికి 1950 వచ్చింది. అక్కడ రోము శివార్లలో, చినెచిత్తా స్టూడియోలో, టేలర్ రథం తోలుతున్నాడు. ఇక్కడ కనెటికట్ రాష్ట్రంలో కోల్ డాన్‌బరీ జైల్లో అడుగుపెట్టాడు.

లోపల ఒక తెలిసిన మొహం కనిపించింది. పనీపాటా లేని ఉద్యోగాలకి ఆఫీసు పద్దులో పేర్లు రాయించి, ఆ జీతాలు తన జేబులో వేసుకున్నందుకు శిక్షపడి, అప్పటికే అక్కడ జైలు కోళ్ళని మేపుకుంటున్న ఖైదీ.

ఛైర్మన్ థామస్ గారు.