మేక ఎనుక మేక

దసరా సెలవులకు పట్నం నుంచి మనుమడు వచ్చిండు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నడు. వచ్చినప్పటి సంది లాప్‌టాప్ ముంగటనే కూసున్నడు. సద్దుల బతుకమ్మ నాడు ఇంట్ల ఆడపిల్లలు "అన్నా, తంగేడు పువ్వు తెస్తవా" అని అడిగితే "జర ఆగుండ్రి, ఇంకో రెండు సమ్మెలు చేస్తే సర్కారు కూలుతది" అన్నడు. ఎవని సర్కారురా కూలేది అని పోయి చూసిన.

తెర మీద ఒక పట్నం ఉన్నది. బజార్లు, కార్ఖానాలు, కచేరీలు, ఠాణాలు అన్నీ మీది నుంచి చూసినట్టు కనబడుతున్నయి. ఆ దేశాన్ని ఒక నియంత ఏలుతున్నడు. తిరగబడ్డ జనానికి ఎత్తులు చెప్పే మనిషి మావోడు. కరపత్రాలు ఎక్కడ పంచాలె, ఎవరితోటి పొత్తు కలవాలె, ఏ దినం సమ్మెకు దిగాలె, అన్నీ వీడే చెప్పాలె. ఆయుధం పట్టుడు మాత్రం లేదు. జనం మాట వినుడు బంద్ చేస్తే గద్దె దానంతట అదే కదులుతది, ఆటంత ఆ లెక్క మీదనే నడుస్తది. దాని పేరు "ఎ ఫోర్స్ మోర్ పవర్‌ఫుల్" అట. 2006ల అమెరికాల బ్రేక్‌అవే అనే కంపెనీ తయారు చేసిందట.

ఒక గంట పక్కన కూసొని చూసిన. ఆట మంచిదే, నేను కాదనను. నా బాధ వేరే. మా రామన్నపేటల పుట్టినోడు ఈ పాఠాన్ని అమెరికా నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. మా రోజుల్లో ఈ పాఠం గుడి ముంగట బండ మీదనే ఉండె.

పొద్దుగూకి, పసులను కొట్టంల కట్టేసినంక మా ఈడు పిలగాండ్లమంత శివాలయం ముంగటి బండ కాడికి చేరేది. దాని మీద ఎవరో ఎప్పుడో ఉలితోటి పులిమేక పటం చెక్కి పెట్టిండ్రు. మీద ఒక కొస, ఆ కొస నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోసుకుంట పోయే అడ్డగీతలు. గీతలు కలిసిన కాడల్ల ఒక ఇల్లు. మొత్తం 23 ఇండ్లు. పులులు 3, మేకలు 15. పులులకు కంకర రాళ్ళు, మేకలకు చింతగింజలు.

ఆట తెల్వనోళ్ళు ఉంటరు కాబట్టి చెప్తున్న. పులి పక్కింట్ల మేక ఉండి, ఆ మేక ఎనుక ఇల్లు ఖాళీగ ఉంటే, పులి మేక మీది నుంచి దుంకి దాన్ని తింటది. మేకకు దుంకుడు లేదు, తినుడు లేదు. ఎనుక ఇంట్ల ఇంకో మేక ఉంటే మాత్రం పులి ఎదురుగ నిలబడ్డ మేకను ఏం చెయ్యలేదు. అట్ల ఒక్కొక్క ఇల్లు నింపుకుంట వస్తే ఆఖరుకు మూడు పులులకు కదిలే జాగ ఉండదు. ఒక్క పులి గూడ చావది. అయినా ఆట మేకలదే.

మా నాయిన నాకు ఈ ఆట నేర్పిన నాటికి నాకు ఏడెనిమిదేండ్లు. పులి ఎటు దుంకుతదో అని దాన్నే చూసుకుంట గింజ పెడుతుంటి. ఆయన నా మణికట్టు పట్టుకొని ఆపి, "పులిని చూసి పెడితే భయానికి పెట్టినట్టు బిడ్డా. ఎనుక ఎవరున్నరో చూసి పెట్టు" అనేటోడు. ఆడేది ఇద్దరే గాని సుట్టూ పదిమంది వంగి చూసేది. తప్పు ఎత్తు ఏస్తే ఎనుక నుంచి నెత్తి మీద ఒక్కటి పడేది. ఎవడు నిలకడగ ఆడుతడు, ఎవడు ఓడిపోయేటట్టు ఉంటే గింజలు చెరిపేస్తడు, ఊరందరికి ఎరుకయ్యేది. రేపు పెద్దయినంక ఎవన్ని నమ్మాలెనో ఆ బండ మీదనే తెలిసేది. ఇప్పుడు పిలగాడు ఒక్కడే కూసుంటడు, చెవులల్ల వైర్లు పెట్టుకుంటడు. వాడు గెలిచింది ఎవరికీ తెల్వది, మోసం చేసింది గూడ ఎవరికీ తెల్వది.

నాయిన ఊరికెనే ఆ మాట అనలేదు. ఆయన సంఘాన్ని కండ్లార చూసినోడు. 1944ల భువనగిరిల ఆంధ్రమహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆయనది మనకు దగ్గర్ల ఉన్న బొల్లేపల్లి. ఆ సభతోటి మహాసభ చదువుకున్న పెద్దమనుషుల చేతులల్ల నుంచి ఊర్లల్ల ఉన్న రైతుల, కూలోళ్ళ చేతులకు వచ్చింది. జనం దాన్ని మహాసభ అనలేదు. సంఘం అన్నరు.

అప్పుడు గూడ పులులు మూడే. మీద నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్, నడుమ గడీలల్ల దేశ్‌ముఖులు, ఆ తర్వాత ఊర్ల మీద పడ్డ రజాకార్లు. విస్నూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు అని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. కింద మనుషులకు వెట్టి. చాకలోళ్ళు ఊరికెనే బట్టలు ఉతకాలె, కుమ్మరోళ్ళు ఊరికెనే కుండలు ఇయ్యాలె, మాదిగోళ్ళు ఊరికెనే చెప్పులు కుట్టియ్యాలె. సర్కారు నౌకరు ఊరికి వస్తే వాని సామాను నెత్తిన పెట్టుకొని పక్కూరి దాక ఉరకాలె.

సంఘం మొదలు పట్టింది తుపాకి కాదు. వెట్టి చెయ్యం అన్న ఒక్క మాట పట్టింది. ఒక్క చాకలాయన చెయ్యనంటే గడీకి పిలిపించి కట్టేసి కొడుతరు. ఊర్ల ఉన్న చాకలోళ్ళు, మంగలోళ్ళు, కుమ్మరోళ్ళు అందరు ఒక్కతీరుగ చెయ్యమంటే ఎందరిని కొడుతరు? గుండాలు వస్తే మొగోళ్ళ చేతులల్ల గుత్పలు, వడిసెలలు. ఆడోళ్ళ చేతులల్ల రోకండ్లు, కారంపొడి. అవి చంపే సామాన్లు కావు. ఊరు ఊరంత నిలబడ్డది అని చెప్పే గుర్తులు.

1946 జులై 4న కడవెండిల ఆ విస్నూరు దొర మనుషులు కాల్చితే దొడ్డి కొమురయ్య పడిపోయిండు. గొర్లు కాసుకునే కురుమల ఇంట పుట్టిన మనిషి. ఒకడు పడిపోతే మిగిలినోళ్ళు బెదిరి ఉరుకుతరని దొర లెక్క. జనం ఉరకలేదు. పక్క ఊర్ల నుంచి గూడ కదిలి వచ్చిండ్రు. కొమురయ్య నిలబడ్డ ఇల్లు ఖాళీగ లేదు. పాలకుర్తిల చాకలి అయిలమ్మ 4 ఎకరాలు కౌలుకు చేసుకుంటే ఆ పంట మీద దొర కన్ను పడ్డది. సంఘపోళ్ళు పోయి పంట కోసి, వడ్లు ఆమె ఇంటికి చేర్చిండ్రు. ఆమె ముంగట నిలబడ్డది, సంఘం ఎనుక నిలబడ్డది.

తుపాకులు వచ్చింది ఆ తర్వాత. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలకు వచ్చింది, 17న నవాబు లొంగిండు. భూమి కోసం పోరు మాత్రం 1951 అక్టోబర్ దాక నడిచింది. సుందరయ్య లెక్క ప్రకారం 3 వేల ఊర్లల్ల 10 లక్షల ఎకరాలు పంచిండ్రు, 4 వేల మంది పానాలు పోయినయి. మన చుట్టుముట్టు ఊర్లల్ల ఎర్ర స్తూపాలు ఊరికెనే లేవలేదు. ఆ లెక్క చదివినప్పుడల్ల నాకు గొంతు పట్టుకుంటది. అందుకే నెత్తురు పారని ఆట అంటే నాకు గౌరవమే. 1949ల జాగీర్లు పోయినయి, 1950ల కౌలుదారు చట్టం వచ్చింది. 1952 ఎన్నికలల్ల నల్లగొండ జనం రావి నారాయణరెడ్డికి వేసిన ఓట్లు ఆ ఏడు నెహ్రూకు పడ్డ ఓట్ల కన్న ఎక్కువ. ఇదంత మనుమనికి చెప్తే "మా పుస్తకంల ఒక్క పేజీ ఉండె తాతా" అన్నడు. ఆ పేజీ పరీక్షకు చదివి మరిచిపోయిండు. కొమురయ్య ఎవరంటే చెప్పలేకపోయిండు.

నేను చూసిన కాలం గూడ ఉన్నది. 1969ల నేను కాలేజీ పిలగాన్ని. నెలల తరబడి క్లాసులు లేవు, చదువుల ఏడాది పోయింది. మేం తెలంగాణ అడిగితే లాఠీలు, తూటాలు వచ్చినయి. అయినా 1971ల తెలంగాణ ప్రజాసమితిని 14 సీట్లల్ల 10 గెలిపించినం. ఇగ 2011ల సకల జనుల సమ్మె, సెప్టెంబర్ 13 నుంచి 42 దినాలు. బడులు, బస్సులు, బొగ్గు బాయిలు అన్నీ బంద్. రోడ్ల మీద వంటావార్పు. ఆ దినాలల్ల ఈ మనుమడే ఆరేండ్లోడు, నా భుజాల మీద కూసొని వచ్చిండు. రోడ్డు నడుమ అందరితోటి పంక్తిల కూసొని పప్పన్నం తిన్నడు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నిజమైన సమ్మెల అన్నం తిన్న పిలగానికి ఇప్పుడు అది యాదికి లేదు. తెర మీది సమ్మె మాత్రం నోటికి వచ్చు.

ఇగ ఇప్పటి ముచ్చట చెప్త. మొన్న వానకాలంల మా వాడకట్టు కాల్వ పూడిపోయి నీళ్ళు ఇండ్లల్లకు వచ్చినయి. బియ్యం సంచులు మంచాల మీద పెట్టుకున్నం. నేను దరఖాస్తు రాసి, వాట్సప్ గ్రూపుల "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి అందరం ఆఫీసుకు పోదాం" అని పెట్టిన. రాత్రి దాక 64 మంది బొటనవేలు గుర్తు పెట్టిండ్రు. కొందరు పిడికిలి గుర్తు గూడ పెట్టిండ్రు. తెల్లారి తొమ్మిదింటికి చూస్తే నేను, గాజులు అమ్ముకునే ఒక ముసలవ్వ, పదో తరగతి పిలగాడు. ముగ్గురం. పదింటి దాక చూసి మేమే పోయినం.

ఆఫీసుల కుర్చీల ఉన్నాయన తల ఎత్తిండు. నా మొఖం చూడలేదు, చేతుల ఉన్న కాయితం చూడలేదు. నా భుజం మీది నుంచి తలుపు దిక్కు చూసిండు. తలుపుల ఎవరు లేరు. "పెట్టిపోండ్రి, చూద్దాం" అన్నడు. నాయిన మాట నాకు అప్పుడు యాదికొచ్చింది. ఎనుక ఇల్లు ఖాళీ ఉన్నదా లేదా, పులి చూసేది అదొక్కటే.

ఆ పిడికిలి గుర్తు గురించి మనుమడే ఒక సంగతి చెప్పిండు. సెర్బియాల 1998ల విద్యార్థులు ఓట్‌పోర్ అనే సంఘం పెట్టిండ్రట. వాళ్ళ గుర్తు బిగించిన పిడికిలి. ఊరూర మందిని కూడగట్టి 2000 అక్టోబర్ 5న మిలోషెవిచ్‌ను గద్దె దింపిండ్రు. ఆ సంఘంల పనిచేసిన ఇవాన్ మారోవిచ్ మావోడు ఆడే ఆటను తయారు చేసుట్ల చెయ్యి కలిపిండు. ఇంకో ఆట గూడ 2010ల వచ్చిందట. అంటే ఆ మనిషి ముందుగాల బజార్ల నిలబడ్డడు, పోలీసుల ముంగట నిలబడ్డడు, ఆ తర్వాత తెలిసింది నలుగురికి చెప్పెతందుకు ఆట కట్టిండు. మనోళ్ళు ఆట కాడనే ఆగిపోతున్నరు. ఆటల మీది నుంచి చూసుకుంట మందిని కదిలిచ్చుడు అలవాటైంది. ఊర్ల మీది నుంచి చూసే జాగ ఉండది. అందరు పటం మీదనే ఉంటరు. నువ్వు గూడ ఒక చింతగింజవే.

పక్కింట్ల ఎవరున్నరో తెల్వక, ఊరి పెద్దల పేర్లు తెల్వక, గ్రామసభ ఎప్పుడు జరుగుతదో తెల్వక, తెర మీద పది దేశాలను విడిపిస్తే ఊరికి వచ్చేది ఏం లేదు. ఇండ్ల తప్పు మా ముసలోళ్ళది గూడ ఉన్నది. మా నాయిన నా మణికట్టు పట్టి నేర్పిండు. మేం పిల్లలకు ఫోన్లు కొనిచ్చి, టీవీల ముంగట కూసొని, నోరు మూసుకున్నం.

ఇది చదివే పిలగాండ్లకు నా మాట ఒక్కటే. ఆట ఆడుకోండ్రి, అండ్ల ఉన్న తెలివి నేర్చుకోండ్రి. కాని రేపు మీ వాడకట్టుల ఎవరన్న దరఖాస్తు పట్టుకొని ఆఫీసుకు పోతుంటే, పక్కింటామె పింఛను కోసమో, ఒక రైతు పాసుబుక్కు కోసమో పోతుంటే, చెప్పులేసుకొని ఎంట నడువుండ్రి. మీరు మాట్లాడే పని లేదు. పోయి వాళ్ళ ఎనుక నిలబడుండ్రి.