నేను కల్లు లొట్టిని

“ఏ చెట్టుది గౌడన్నా?”

మా మండువకు వచ్చిన మనిషి కూర్చోకముందే అడిగే మాట ఇది. ధర సంగతి తర్వాత. మా గౌడ నా మెడ పట్టుకుని, నురగలో పడ్డ తేనెటీగను చిటికెన వేలితో తీసి పక్కన పెట్టి, “కుంటకట్ట మీది పోద్దాటిది, ఇప్పుడే దించిన” అనేవాడు. ఆ మాట విన్నాకే ఎదుటి మనిషి తాటాకు రేక పట్టేవాడు. చెట్టు పేరు చెప్పి కల్లు పోసిన ఆ రోజులకు నేను సాక్ష్యం. జనగామ వైపు ఒక చిన్న ఊళ్లో పదేళ్లు తాటిచెట్టు మీద బతికిన మట్టి లొట్టిని.

చెరువు మన్ను, కుమ్మరి సారె, ఆములో ఒక రాత్రి మంట. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నా గోడల నిండా కంటికి ఆనని సన్నని రంధ్రాలున్నాయి. నన్ను మొదటిసారి చెట్టెక్కించే ముందు మా గౌడ ఒక ముసలి లొట్టి అడుగున మిగిలిన మడ్డిని నాలో పోసి, నాలుగుసార్లు గిరగిరా తిప్పి పారబోశాడు. ఆ మడ్డిలోని ప్రాణులు నా రంధ్రాల్లో కాపురం పెట్టాయి. ఆ తర్వాత నేను చేసిన పనంతా వాటి చలవే.

తెల్లవారుజామున మా గౌడ నడుముకు ముత్తాదు బిగించి, చెట్టు చుట్టూ మోకు వేసి, కాళ్లకు గుజి తగిలించుకుని ఎక్కేవాడు. నేను అతని వెనక వేలాడుతూ పోయేదాన్ని. అరవై అడుగుల మాను. తాటిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. కాయలు కాసేది పండుతాడు, కాయనిది పోద్దాడు. రెండూ కల్లిస్తాయి. ఆడచెట్టు గెలను గానీ, మగచెట్టు పూత కాడను గానీ లేతగా ఉన్నప్పుడే నారతో కట్టి, మెల్లగా కొట్టి మెత్తబరిచి, కొసను కత్తితో గీస్తాడు. ఆ గీత కాగితమంత పలచగా ఉండాలి. లోతుగా దిగితే కాడ చెడుతుంది, కత్తి ఆనకపోతే చుక్క కారదు. ఆ కొసను నా నోట్లోకి వంచి, నన్ను కట్టేసి దిగిపోతాడు. పొద్దున ఎక్కాలి, సాయంత్రం మళ్లీ ఎక్కాలి. పూట తప్పితే గాయం ఎండి, చెట్టు చేయి ముడుచుకుంటుంది. పండగొచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా మా గౌడ తన పన్నెండు చెట్లూ ఎక్కి దిగాల్సిందే. మొక్కగా పెట్టిన తాడు గీతకు రావాలంటే పది పదిహేనేళ్లకు పైగా ఆగాలి. అతను గీసిన చెట్లన్నీ అతని తాతల నాటివి.

చుక్క పడ్డ క్షణం నుంచి పని నాది. చెట్టు ఇచ్చేది కల్లు కాదు, తీపి నీరు. అందులో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. నా గోడల్లో కాపురమున్న ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌నూ, బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. ఆ వాయువే నా మూతి దగ్గర తెల్లటి నురగై పొంగుతుంది. ఇంట్లో రొట్టె పిండిని పొంగించే శాకరోమైసిస్ అనే ఈస్టే ఇది. జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా దీనికి తోడు పడుతుంది. ఈ పేర్లేవీ మా గౌడకు తెలియవు. కానీ నన్ను ఎప్పుడు కడగాలో, ఎంత కడగాలో, అడుగున ఎంత మడ్డి ఉంచాలో అతని చేతికి తెలుసు. రాత్రంతా చెట్టు మీద గాలికి కమ్మల చప్పుడు, నాలో బుసబుస. గబ్బిలం వచ్చి నా మూతి నాకిపోయేది. ఆ రాత్రుల కన్నా గొప్ప కాలం నా బతుకులో లేదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు అక్కడే బీరు కాచి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలు వచ్చాయి. బార్లీ మాల్టును వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి, స్టీలు ట్యాంకుల దగ్గర వారాల తరబడి కాపలా కాస్తారట. పులియడం మీద మనసు పెట్టిన వాళ్లంతా నాకు బంధువులే. వాళ్ల ఓపిక నాకు అర్థమవుతుంది. మాకు పొయ్యి లేదు, ట్యాంకు లేదు. చెట్టే కార్ఖానా, లొట్టే ట్యాంకు, చెట్టు కింది నీడే దుకాణం. రాత్రి కారింది పొద్దునకు తయారు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు, ఇంకా ఉంచితే సిర్కా. మామూలుగా ఆల్కహాల్ నూటికి నాలుగైదు పాళ్లు. మా సరుకు ఆయుష్షు ఒక్క రోజు. నిన్నటిది ఇవాళ్టిదని చెప్తే తాగేవాడి నాలుకే పట్టిస్తుంది.

మండువ అంటే నాలుగు గుంజలు, పైన తాటికమ్మల కప్పు, కింద పేడతో అలికిన నేల. నాటు వేసి వచ్చిన ఆడవాళ్లు ఒక పక్క, గొర్లు కాసి వచ్చిన ముసలాళ్లు ఒక పక్క. లేత తాటాకును దోనెలా మడిచి రెండు చేతులా పట్టుకుంటే, అందులోకి నేను వంగేదాన్ని. పక్కనే ఆకులో ఉడికించిన గుడాలు, కాల్చిన ఎండుచేప. మొదటి ధార ఎప్పుడూ నేల మీదే పడేది. అది సాక. ఎల్లమ్మకు, గౌడల దేవుడు కాటమయ్యకు. బోనాలకూ నేనుండాలి, చావు దినాలకూ నేనుండాలి. భర్త పోయిన ఒక ముసలమ్మ దినం నాడు ఒక్క రేక తాగి, అతనికి ఇష్టమైన చెట్టు ఏదో అడిగి మరీ ఆ చెట్టు కింద కాస్త కల్లు పోసి వెళ్లింది. ఆ రోజు కారిన కల్లంతా ఆమెదేనని అనిపించింది నాకు.

సర్వాయి పాపన్న పేరు ఆ నీడలోనే విన్నాను. ఆయన కోట కట్టుకున్న ఖిలాషాపూర్ మాకు దూరం కాదు. గీత కులంలో పుట్టి, మోకు పట్టాల్సిన చేతులతో కత్తి పట్టి, తక్కువ కులాలంటూ లోకం తోసేసిన వాళ్లను కూడగట్టుకుని 1708లో వరంగల్ మీదికి పోయాడు. 1710లో మొఘల్ పాలకులు ఆయనను చంపించారు. ఆ పేరు ఎత్తినప్పుడు మా గౌడ వెన్ను నిటారుగా అయ్యేది. ఆ వెన్నును వంచినవి వేరే ఉన్నాయి. నిజాం కాలంలో ఆబ్కారీ అంటే సర్కారుకు పెద్ద రాబడి. చెట్టుకు పన్ను, దుకాణానికి హర్రాజు. డబ్బున్న గుత్తేదారు పాట పాడుకుంటే, చెట్టెక్కేవాడు తన తాత నాటిన చెట్టు మీద తానే కూలీ అయ్యేవాడు. తర్వాత గీత సొసైటీలు వచ్చాయి, గీసేవాడికే చెట్టు అనే పద్ధతీ వచ్చింది. మా మండువ నిలబడింది వాటివల్లే.

ఒక ముసురు పొద్దున మా గౌడ ఎక్కాడు. రాత్రంతా వాన, మాను పాచి పట్టినట్టు జారుతోంది. నేను పైన కట్టి ఉన్నాను. నా దాకా ఇంకో రెండు బారలు ఉందనగా కాలు జారింది. కింద పడ్డ చప్పుడు తాటిపండు రాలిన చప్పుడులాగే ఉంది. కుంటలో కొంగలు కూడా లేవలేదు. చాలాసేపటికి ఎవరో కేక వేశారు.

ప్రాణం మిగిలింది, నడుము మిగల్లేదు. నన్ను దించడానికి ఏడు రోజులు ఎవరూ రాలేదు. నాలో కల్లు పులిసి, సిర్కా అయి, పైన పొలుసు కట్టింది. కాడ ఎండిపోయింది. ఆ ఏడు రోజులు నేను కింద చూస్తూనే ఉన్నాను, మోకు మాను మొదట్లో అలాగే పడి ఉంది.

కొడుకు చెట్టెక్కనన్నాడు. నేనేమీ అనుకోలేదు. తండ్రి పడ్డ చోటు రోజూ దాటి పోయే పిల్లవాడు అతను. హైదరాబాద్‌లో 2004లో మూసేసిన కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచినప్పుడు, అక్కడ ఒక కాంపౌండ్‌లో పనికి కుదిరాడు. గేటు మీద అలంకారానికి పాత లొట్టి కావాలన్నారని నన్నూ తీసుకుపోయాడు.

గేటు మీద తాడుతో వేలాడదీశారు. నా కింద నుంచి రోజూ వందల మంది లోపలికి పోయేవారు. తెల్లవారుజామున వెనక గదిలో డ్రమ్ముల్లోకి నీళ్లు పట్టేవారు. తీపికి శాకరిన్. ఎక్కడి నుంచో వచ్చిన ఒక క్యాను కల్లు, వాసనకు. చివర చిన్న పొట్లం. అన్ని దుకాణాలూ ఇలా ఉంటాయని నేననను, చెట్టు కల్లే పోసే చేతులు పట్నంలోనూ ఉన్నాయి. నేను వేలాడిన చోట మాత్రం ఇదే జరిగింది. కల్తీ కల్లులో దొరికే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం అనేవి మనిషిని మత్తులో ముంచే మందులు. వాటికి అలవాటైన మనిషికి అవి లేకపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మాట తడబడుతుంది. 2015లో దాడులు జరిగి పొట్లాలు ఆగినప్పుడు తెలంగాణ పల్లెల్లో జనం అలాగే ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లు అడిగింది కల్లు కాదు, ఆ పొడి. దానికి నా పేరు పెట్టి అమ్మారు. నా బాధ అక్కడుంది.

పాత బీరు సీసాల్లో పోసి ఇచ్చేవారు. రెక్కల కష్టం చేసుకునే మనుషులు గడగడా తాగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. అక్కడున్నన్ని రోజులూ నేను ఒక్క మాట కోసం చెవి ఒగ్గి ఉన్నాను. ఒక్కరూ అడగలేదు, ఏ చెట్టుదని. అడిగినా చెప్పడానికి అక్కడ చెట్టు లేదు.

కొన్నాళ్లకు గేటు మీద లైట్ల బోర్డు పెట్టారు. నన్ను విప్పి చెత్త పక్కన పడేస్తే, కొడుకు తువాలులో చుట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాడు. ఆ కుదుపులకు నా మూతి పగిలింది. మా గౌడ మంచంలో కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకుని పగులు వెంట వేలు పోనిచ్చాడు. “ఇగ చెట్టుకు పనికిరాదు బిడ్డా” అన్నాడు. కొడుకుతో అన్నాడో నాతో అన్నాడో తెలియదు. కొన్నాళ్లు కోళ్లకు నీళ్లు పెట్టే ముంతనయ్యాను. తర్వాత అదీ లేదు. కుంటకట్ట మీద, మా పోద్దాడు మొదట్లో వదిలేశారు.

వార్తలు ఇక్కడికీ వస్తాయి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారని దారిన పోయేవాళ్లు చెప్పుకున్నారు. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు లేవదు, నీరు తీపిగానే ఉంటుంది. తాటిబెల్లం వండేది కూడా ఆ నీటితోనే. చెట్టు పాలు పసిపిల్లలు కూడా తాగేలా నిలబెడితే నాకు సంతోషమే. 2024లో గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలైంది. కాలు జారినా మనిషిని మానుకే పట్టి ఉంచుతాయట. మా గౌడను ఆ కిట్లు చూపించడానికి ఆటోలో ఇక్కడికి తెచ్చారు. ఆయన పట్టీలు, కొక్కేలు తడిమి చూసి, చెట్టు వైపు చాలాసేపు తలెత్తి ఉండిపోయాడు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారన్న సంగతీ ఈ కట్ట మీదే విన్నాను. ఆ రోజు మండువలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఈ చెట్టును మా గౌడ తమ్ముడి కొడుకు గీస్తున్నాడు. నడుముకు కొత్త పట్టీలు, పైన ప్లాస్టిక్ క్యాను. మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం క్యాను సరిగ్గా కట్టలేదు. అంచు నుంచి పొంగి చుక్కలు రాలడం మొదలైంది. మట్టిలో కొన్ని, కమ్మల మీద కొన్ని. మూతి పగిలిన నా కడుపులో, వాన మట్టి లేని మూల, నాలుగైదు చుక్కలు పడ్డాయి. ఎన్నేళ్లయిందో. చీమలు రాకముందే గోడలు కాస్త పీల్చుకున్నాయి. మిగిలినవి రాత్రంతా నాలోనే ఉన్నాయి. తెల్లారేసరికి వాటి అంచున ఆవగింజంత తెల్లటి నురగ.

ఎవరైనా అడిగితే చెప్పగలను. కుంటకట్ట మీది పోద్దాటిది.