తలకోనకు ఇల్లు మోసుకెళ్ళడం ఎలా?

తలకోన చూడ్డానికి కాళ్ళూ కాసింత ఓపికా ఉంటే చాలు. కానీ అంత తేలిగ్గా అయిపోయే పనిని మన కుటుంబాలు ఎప్పుడు ఒప్పుకున్నాయి గనక! శేషాచలం కొండల్లో 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళ దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్ళి, ఆ నీళ్ళు తప్ప మిగతావన్నీ చూసి రావడానికి ఒక పద్ధతుంది. ప్రతి ఆదివారమూ ఎంతోమంది శ్రద్ధగా పాటిస్తున్న పద్ధతే. కొత్తవాళ్ళ కోసం వరసగా చెబుతాను.

బయల్దేరడం

పొద్దున ఆరింటికే బయల్దేరాలని ముందురోజు రాత్రి గట్టిగా తీర్మానించండి. ఆ తీర్మానం లేకపోతే పదకొండింటికి బయల్దేరినప్పుడు ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆధారం ఉండదు. మామగారి పూజ, అత్తగారి స్నానం, చిన్నోడి రెండో చెప్పు వెతకడం ఒకదాని తర్వాత ఒకటిగా సాగాలి. ఏ రెండూ ఒకేసారి జరగకూడదు.

తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళకు దారిలో భాకరాపేట ఘాటు తగులుతుంది. మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుందని అందరికీ తెలుసు. అందుకే ఘాటు ఎక్కబోయే ముందే పూరీ, ఉర్లగడ్డ కూర దండిగా పెట్టించండి.

ఏ కాలంలో వెళ్ళాలన్నది ఇంకో ముచ్చట. ఈ కొండలకు అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఆ వానల తర్వాత ధార నిండుగా ఉంటుంది. మీరు మాత్రం పిల్లల సెలవులని మే నెలలోనే వెళ్ళండి. బండ మీద సన్నగా జారుతున్న నీళ్ళను చూసి, “ఇంతేనా? దీనికా ఇంత దూరం?” అనే అవకాశం వానాకాలంలో దొరకదు.

సర్దుకోవడం

అడవిలో నడకంటే బరువు తక్కువగా ఉండాలని కొందరంటారు. వాళ్ళకు అత్తగారు లేరేమో. పులిహోర, పెరుగన్నం, వడలు, ఓళిగలు, రెండు రకాల ఊరగాయ, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, చాప, దుప్పటి, దిండు తప్పనిసరి. ఇవన్నీ మొయ్యడానికి కొత్తల్లుడు ఉంటే మరీ మంచిది. వద్దనలేడు.

కాళ్ళకు నున్నటి అడుగున్న కొత్త చెప్పులు వేసుకోండి. దారిలో సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది కదా అని ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకోవచ్చు. తర్వాత అదే చీరతో రాళ్ళెక్కుతుంటే కుచ్చిళ్ళు ఒకరు, చెయ్యి ఒకరు, బ్యాగు ఒకరు పట్టుకోవాల్సి వస్తుంది. కుటుంబ ఐకమత్యానికి ఇంతకంటే ఏం కావాలి?

అడవిలో నడక

అడవిలోకి అడుగుపెట్టగానే బ్లూటూత్ స్పీకరు పెట్టండి. బెట్టుడుతలు చెట్ల మీదే గెంతుతుంటాయని విన్నాం. మన పాటకు అవి ఆరు కొమ్మలు అవతలికి పోతాయి కాబట్టి తలెత్తి చూడాల్సిన శ్రమ తప్పుతుంది. దేవాంగపిల్లి ఎటూ రాత్రి తిరిగే జీవి, దాని బాధ మనకు లేదు.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల ఈ దక్షిణ భాగంలోనే. పిల్లలు “ఎర్రచందనం చెట్టు ఏది నాయనా?” అని అడిగితే కంగారు పడకండి. ఏదో ఒక చెట్టు పక్కన నిలబడి, సినిమా హీరోలా భుజం ఎగరేసి, గడ్డం కింద చెయ్యి పోనిచ్చి వీడియో తీయించుకోండి. వృక్షశాస్త్రం అక్కడితో సరి.

గిల్లతీగలు కనిపిస్తాయి. ఏనుగు తొండాల్లా మెలికలు తిరిగి చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంటాయి. వాటి కాయలు మీటరుకు పైగా పొడవు పెరుగుతాయి. ఆ తీగ అంత లావు కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆలోచించకుండా బావమరుదులంతా ఒకేసారి ఎక్కి ఊగండి. తెగితే “నాసిరకం తీగ” అనేసి లేచి దులుపుకోండి.

కోతులతో మర్యాద

చిప్సు ప్యాకెట్టు అడవిలోనే చింపాలి. ఆ చప్పుడు కోతులకు బాగా తెలుసు. ఒక పెద్దకోతి వచ్చి నోరు తెరిచి పళ్ళు చూపిస్తే, నవ్వుతోందని పాపకు చెప్పి, ఆ పాప చేతే అరటిపండు ఇప్పించండి. కోతి అలా నోరు తెరిచి పళ్ళు చూపించేది బెదిరించడానికి. ఆ సంగతి పండుతో పాటు సంచీ కూడా పోయాక దానంతటదే తెలుస్తుంది. సంచీలో కారు తాళాలుంటే ప్రయాణం మరింత గుర్తుండిపోతుంది.

ఇలా ఆదివారం ఆదివారం తినిపిస్తే కోతులు అడవిలో కాయలు వెతుక్కోవడం మానేసి మన దారిలోనే కాపు కాస్తాయి. అప్పుడు “ఈ కోతులకు బుద్ధి లేదు” అని మనమే తిట్టొచ్చు.

నీళ్ళ దగ్గర

మొత్తానికి చేరారు. ముందు చాప పరచండి. తినండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేస్తే వెనక వచ్చేవాళ్ళకు దారి తెలుస్తుంది. ఆ తర్వాత స్నానం. ఇంట్లో బకెట్టు నీళ్ళతో తలస్నానానికి బద్ధకించేవాళ్ళు కూడా ఇక్కడ తప్పకుండా షాంపూ వాడాలి. నురగ కిందున్న మడుగులోకి పోతుంది, కవరు రాళ్ళ సందులోకి పోతుంది. మీ తల శుభ్రం.

ఇక ఫోటోలు. నీళ్ళకు వీపు పెట్టి నిలబడాలన్నది మొదటి నియమం. జలపాతాన్ని ఇంటికెళ్ళాక ఫోనులో చూసుకోవచ్చు. పచ్చగా, నున్నగా మెరుస్తున్న బండ ఫోటోకు బావుంటుంది. ఆ పచ్చదనం పాచి. కాపలా మనిషి దూరం నుంచి అరుస్తాడు: “సార్, ఆ పక్కకి పోబాకండి, బండ జారతాది!” మీరు వెనక్కి తిరక్కుండానే జవాబివ్వండి: “మేం తిరుపతోళ్ళమేలేప్పా, మాకు తెలుసు!”

వెటకారం ఇక్కడితో ఆపుతాను. పాచి బండకు తిరుపతోళ్ళూ హైదరాబాదోళ్ళూ ఒకటే. జలపాతాల దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి బండల మీదా, లోతు తెలియని మడుగుల్లోనే. మడుగు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. అడుగున రాళ్ళుంటాయి, సుడి ఉంటుంది, ఈత వచ్చినవాణ్ణి కూడా లాగేస్తుంది. ఇంకో సంగతి. మీరున్న చోట ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతుండొచ్చు. ఆ నీళ్ళు కాసేపటికే కిందికి వచ్చేస్తాయి. ధార చప్పుడు పెరిగినా, నీళ్ళు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, సామాన్లు సర్దుకోవద్దు. చాప పోతే పోనీ. పిల్లల చెయ్యి పట్టుకుని నీళ్ళకు దూరంగా, ఎత్తుకు వెళ్ళండి.

కాబట్టి, ఈ ఆదివారం మీరూ వెళ్ళండి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకెళ్ళండి. పట్టున్న చెప్పులు, నీళ్ళ సీసా, ఒక పూట సద్ది, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచీ ఉంటే చాలు. కాపలా మనిషి వద్దన్న చోటికి వెళ్ళకండి. స్పీకరు ఇంట్లో పెట్టేసి వెళ్ళండి.