సుడో బాబాయ్

సుడో బాబాయ్ దగ్గరికి వెళ్ళి "సీడీ రాయట్లేదండీ" అని ఊరుకుంటే కుదరదు. "ఏమంటోంది?" అని అడుగుతాడు. ఏమీ అనట్లేదండీ, రాయట్లేదంతే, అన్నామా, మొహం వాడిపోతుంది. "పర్మిషన్ డినైడ్ అందా? డివైస్ బిజీ అందా? ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అందా?" ఏదో ఒకటి అన్నదని తేలేదాకా కుర్చీ చూపించడు. తేలిందంటే కాఫీ కూడా వస్తుంది.

ఇలాంటి బాబాయ్ ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒకడుంటాడు. ఏ బ్యాంకులోనో, టెలిఫోన్సులోనో చేసి రిటైరై ఉంటాడు. అడిగినవాళ్ళకల్లా ఉబుంటు అనే లైనక్స్ వాళ్ళు ఉచితంగా సీడీలు పోస్టులో పంపిన రోజులుండేవి; 2011లో ఆ ధర్మం ఆపేశారు. అప్పట్లో తెప్పించుకున్న సీడీ ఒకటి అట్టకవరుతో సహా మా బాబాయ్ బీరువాలో, పిన్నిగారి పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. లాప్‌టాపులకి డ్రైవులు రావడం మానేశాక యూఎస్‌బీ రైటరు ఒకటి కొని గుడ్డసంచీలో పెట్టుకు తిరుగుతున్నాడు. గిరాకీకి లోటేం లేదు. స్కానింగ్ సెంటరు వాళ్ళు ఎమ్మారై సీడీలో ఇస్తారు. పెళ్ళి డీవీడీకి ఇంకో కాపీ కావాలని వియ్యపురాలు కబురు పెడుతుంది. ఇక కోర్టుపక్షుల సంగతి చెప్పనక్కర్లేదు.

బటన్ నొక్కితే డిస్కు రాసిపెట్టే కే త్రీ బీ, బ్రసేరో లాంటివి లైనక్స్‌లో ఎప్పట్నుంచో ఉన్నాయి. బాబాయ్‌కి అవి గిట్టవు. "పేరు వాళ్ళది, చాకిరీ వోడిమ్‌ది" అంటాడు. అందులో అబద్ధం లేదు. కే త్రీ బీ తను రాయదు. సీడీ అయితే సీడీరికార్డ్‌నో వోడిమ్‌నో, డీవీడీ అయితే గ్రోఐసోఎఫ్ఎస్‌నో పిలిచి రాయిస్తుంది. కాకపోతే వోడిమ్ పేరెత్తాక ఎదుటివాడి కాఫీ చల్లారిపోవలసిందే. సీడీరికార్డ్ రాసిన యోర్గ్ షిల్లింగ్ అనే జర్మన్ పెద్దమనిషి తన కట్టలో కొంత సీడీడీఎల్ లైసెన్సు కిందికి మార్చడం, అది జీపీఎల్‌తో పొసగదని డెబియన్ అనే లైనక్స్ వాళ్ళు 2006లో వేరు కుంపటి పెట్టుకోవడం, ఆ కుంపట్లోంచి వోడిమ్ పుట్టడం, అంతా వరసగా రావాలి. డ్రైవుని దాని ఫైలు పేరుతో పిలిస్తే షిల్లింగ్‌గారి ప్రోగ్రాం సణిగేది. ఒకటి, సున్నా, సున్నా అంటూ నంబర్లతోనే పిలవమనేది. పేరుండగా నంబర్లెందుకని బాబాయ్ ఆయన్ని ఏళ్ళ తరబడి తిట్టాడు. 2021లో షిల్లింగ్ పోయారని తెలిశాక ఆ తిట్లన్నీ డెబియన్ ఖాతాకి మార్చాడు.

బాబాయ్‌కి ప్రాణమైన ఎర్రరు పర్మిషన్ డినైడ్. డ్రైవుకి లైనక్స్‌లో ఒక ఫైలుంటుంది, ఎస్సార్ జీరో అని. దాని యజమాని మిషనుకి సర్వాధికారి అయిన రూట్, దాని గ్రూపు సీడీరామ్. ఆ గ్రూపులో మన పేరుంటే రాసుకోవచ్చు. లేనివాళ్ళలో తొందరపాటు మనుషులు అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే సీహెచ్‌మాడ్ 777 కొట్టేసి చేతులు దులుపుకుంటారు. బాబాయ్ ముందు ఆ అంకె ఎత్తకూడదు. పాపం సంగతి అలా ఉంచి, అది దండగ కూడానట. రీబూట్ చేయగానే ఆ ఫైలు మళ్ళీ కొత్తగా పుడుతుంది, యూడెవ్ దానికి మామూలు హక్కులే రాసేస్తుంది. సరే, గ్రూపులోనే చేరాం అనుకోండి, అప్పుడూ వెంటనే రాయదు. లాగౌట్ అయి మళ్ళీ రావాలి. ఎందుకండీ అంటే, "రేషన్ కార్డులో కోడలి పేరెక్కింది, బానే ఉంది. పాత కార్డు పట్టుకెళ్తే డీలరు బియ్యం పోస్తాడా?" అంటాడు. ఈమధ్య డెస్క్‌టాపుల్లో మిషను ముందు కూర్చుని లాగిన్ అయినవాడికి డ్రైవు మీద హక్కు దానంతటదే వచ్చేస్తోంది. అదే బాబాయ్‌కి పెద్ద దిగులు.

గ్రూపులో చేర్చే కమాండు యూజర్‌మాడ్. దానికి చిన్న ఏ, పెద్ద జీ రెండూ తగిలించాలి. చిన్న ఏ మర్చిపోయి పెద్ద జీ ఒక్కటే కొడితే సీడీరామ్ గ్రూపులో చేరుస్తుంది గానీ, అంతకుముందున్న అదనపు గ్రూపులన్నిట్లోంచీ పేరు కొట్టేస్తుంది. వాటిలో రూట్ అధికారాన్ని అరువిచ్చే సుడో గ్రూపు కూడా ఒకటి. అంటే తప్పు దిద్దుకునే అధికారం ఆ తప్పుతోనే పోతుందన్నమాట. బాబాయ్ వాళ్ళ మేనల్లుడు సరిగ్గా ఈ పనే చేసి ఫోన్ చేశాడు. బాబాయ్ పల్లెత్తు మాట అనలేదు. "ఏమీ ముట్టుకోకు, వచ్చేస్తున్నా" అని చొక్కా వేసుకున్నాడు. రికవరీ మోడ్‌లోకి వెళ్ళి రూట్‌గా పేరెక్కించడం ఐదు నిమిషాల పని. ఆయన అక్కడే భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం టిఫినయ్యాక గానీ ఇల్లు చేరలేదు. ఆ రోజున్నంత హుషారుగా కొడుకు పెళ్ళిలో కూడా లేడని పిన్నిగారి ఫిర్యాదు.

మొన్నామధ్య మూడో అంతస్తు వకీలుగారి గుమాస్తా వచ్చాడు. ఏదో గోడ తగాదాలో సీసీటీవీ ఫుటేజీ సీడీ మీద కోర్టుకివ్వాలి. దానికి జతచేసే పత్రాన్ని ఇదివరకు 65బి సర్టిఫికెట్ అనేవారు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చి అది 63వ సెక్షన్ అయింది, సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయమంటోంది. ఆ మాట వినగానే బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ హ్యాష్ కట్టే షా256 గురించి చెప్పబోతే ఇంట్లోవాళ్ళు టీవీ సౌండు పెంచేవారు. ఇప్పుడు సాక్షాత్తూ పార్లమెంటే అడుగుతోంది!

ముందు పాత రీరైటబుల్ డిస్కు మీద రిహార్సల్ అన్నాడు. చెరపబోతే డివైస్ బిజీ. "ఎవడో పట్టుకున్నాడు" అంటూ గొంతు తగ్గించాడు. ఫ్యూజర్ అనే కమాండుకి తగిన ఆప్షన్లు తగిలించి డ్రైవు పేరిస్తే దాన్ని వాడుకుంటున్నవాళ్ళ జాబితా చెబుతుంది. ఫైల్ మేనేజరు మీద అనుమానం, వీడియో ప్లేయరు మీద అంతకంటే ఎక్కువ అనుమానం. జాబితాలో మాత్రం ఒక్క బ్యాషే ఉంది, దాని పక్కన బాబాయ్ యూజర్ పేరుంది. వెనకాల ఇంకో టెర్మినల్ విండోలో తనే ఆ సీడీ ఫోల్డరులోకి వెళ్ళి కూర్చుని మర్చిపోయాడు.

"చూశావా, ఎంత కచ్చితంగా పట్టుకుందో!" అన్నాడు గుమాస్తాతో, పట్టుబడింది ఎవరో అయినట్టు.

తర్వాత గుమాస్తా తెచ్చిన ఖాళీ సీడీ పెట్టారు. పవర్ కాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్. బాబాయ్ ఢీలా పడ్డాడు. రాసేముందు డ్రైవు డిస్కు లోపలి అంచున కాస్త చోటులో లేజరు ఎంత గట్టిగా కొట్టాలో పరీక్ష చేసుకుంటుంది. అది కుదరలేదంటే ఏ గ్రూపూ, ఏ సుడో పనికిరావు. లోపం డిస్కుదో, లెన్సు మీది దుమ్ముదో, సరిపడా కరెంటివ్వని యూఎస్‌బీ పోర్టుదో అయ్యుంటుంది. కమాండుకి లొంగని ఎర్రరంటే ఆయనకి మొదట్నుంచీ అయిష్టం. అయినా మిషను చిట్టా చూపే డీమెసేజ్ తెరిచి వరసగా చదవడం మొదలుపెట్టాడు.

గుమాస్తా ఆ డిస్కు తీసి ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పాడు. నడిమి చిల్లు పక్కన నూనె మరక. అతని సంచీలో డిస్కులూ మిరపకాయ బజ్జీల పొట్లమూ కలిసే ప్రయాణం చేశాయి మరి.

"ఇది వద్దు గానండీ, ఇంకోటి పెట్టి స్పీడు తగ్గించండి" అన్నాడు. రోజూ కోర్టెదురు జిరాక్స్ షాపులో నిలబడేవాడాయె.

రాసేసింది. ఎర్రరు లేదు, వార్నింగు కూడా లేదు. బాబాయ్‌కి నమ్మబుద్ధి కాలేదు. డిస్కు బయటికి తీసి, మళ్ళీ పెట్టి, షా256 లెక్క కట్టి అసలు ఫైలుతో అక్షరం అక్షరం పోల్చాడు. అదీ సరిపోయింది. గుమాస్తా దండాలు పెట్టి, నూనె మరక డిస్కుని రెండుగా విరిచి చెత్తబుట్టలో వేయబోయాడు.

"ఆగాగు, అదిలా ఇవ్వు!" అని బాబాయ్ చటుక్కున లాక్కున్నాడు. "ఇందాకటి ఎర్రరు నేనింకా సగమే చదివాను."